వీడియోలన్నీ చూశారు, పరీక్షలో పేజీ ఖాళీ: ఆన్‌లైన్ కోర్సులో అప్పజెప్పించుకోవడం గురించి

మేడమ్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిత్తూరులో డిగ్రీ కాలేజీ, బీకాం మొదటి సంవత్సరం, ఫైనాన్షియల్ అకౌంటింగ్ మీద 38 వీడియోలు చేసి పెట్టారు, పిల్లలంతా చివరిదాకా చూసినట్టే లెక్క కనబడుతోంది, అయినా ఇంటర్నల్ పరీక్షలో మామూలు చిట్టాపద్దు (జర్నల్ ఎంట్రీ) కూడా రాయలేకపోయారు. వీడియోలు మళ్లీ తీయాలా, క్విజ్‌లు పెడితే పని జరుగుతుందా, పెడితే ఎన్ని మార్కులకు పెట్టాలి, కాపీ కొట్టరా అని అడిగారు. నేను తిరుపతిలో ఇరవై ఏళ్లకు పైగా ఇదే సబ్జెక్టు చెబుతున్నాను, 2020 లాక్‌డౌన్ నుంచి ఆన్‌లైన్‌లో కూడా. మీరు ఇప్పుడు పడిన గోతిలో నేను రెండేళ్లు కూర్చున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు వీడియోల జోలికి పోకండి. మన చిన్నప్పుడు బడిలో అప్పజెప్పడం అని ఒక పని ఉండేది, గుర్తుందా. ఎక్కం గానీ పద్యం గానీ ఇంటి దగ్గర ఎన్నిసార్లు చదివామన్నది అయ్యోరికి అనవసరం, పలకా పుస్తకం పక్కన పెట్టి ఆయన ముందు నిలబడి చెప్పాలి, అంతే. మధ్యలో ఆగిపోతే ఒక్క మాట అందిస్తారు, మళ్లీ మొదలుపెట్టాలి. ఆన్‌లైన్ కోర్సులో పాఠం ఉంది, పీడీఎఫ్ ఉంది, పాఠాన్ని ఎన్నిసార్లైనా వెనక్కి తిప్పుకునే సౌకర్యం ఉంది, అప్పజెప్పించుకునే మనిషి మాత్రం లేడు. ఇప్పుడు చదువు మీద పరిశోధన చేసేవాళ్లు రిట్రీవల్ ప్రాక్టీస్ అంటున్నది దాదాపు ఈ పనినే: చూడకుండా, బుర్రలోంచి బయటికి లాగడం. లాగిన ప్రతిసారీ ఆ విషయం ఇంకాస్త గట్టిపడుతుంది. అంటే పరీక్ష అనేది నేర్చుకున్నదాన్ని కొలవడానికే కాకుండా నేర్చుకోవడానికి కూడా పనికొస్తుంది. నాకు ఇది ఒంటబట్టడానికి చాలాకాలం పట్టింది, ఎందుకంటే మనకు పరీక్ష అంటే మార్కులే.

చూడటం వేరు, రావడం వేరు అని పిల్లలకు ఎలా చెప్పాలో తెలియక నేను ఒక పని చేశాను, మీకూ పనికొస్తుంది. తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లు సుప్రభాతం ఎన్ని వేలసార్లు విని ఉంటారు! తెల్లవారితే గుడి మైకులో, పక్కింట్లో, బస్టాండులో, టీకొట్టులో అదే. క్లాసులో అడిగాను, ఎంతమందికి వచ్చు అని. అందరూ చేతులెత్తారు. సరే, పాట పెట్టకుండా ఏడో శ్లోకం చెప్పండి అన్నాను. ఒక్కరి నోరూ పెగల్లేదు, ఒక అమ్మాయి మాత్రం మొదటినుంచి మొదలుపెట్టి నాలుగో శ్లోకం దగ్గర ఆగిపోయింది. పాట మోగుతుంటే మాత్రం అందరి పెదాలూ దానికంటే ముందే కదులుతాయి. మీ వీడియో చూస్తున్నప్పుడు పిల్లలకు జరుగుతున్నది ఇదే మేడమ్. మీరు డెబిట్ అనగానే వాళ్ల మనసులో ఆ ఖాతా పేరు మెదులుతుంది, ఆహా వచ్చేసింది అనుకుంటారు, తీరా పరీక్ష హాల్లో మీ గొంతు వినబడదు.

దీని మీద బాగా పేరున్న ప్రయోగం 2006లో వచ్చింది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు చేశారు. కాలేజీ పిల్లలకు చిన్న చిన్న పాఠాలు ఇచ్చారు. ఒక గుంపు ఐదేసి నిమిషాల చొప్పున నాలుగు విడతలు చదువుతూనే కూర్చుంది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, తర్వాత మూడు విడతలు తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాసింది, తప్పొప్పులు కూడా ఎవరూ చెప్పలేదు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి, 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం తర్వాత పెడితే తలకిందులైంది: చదివినవాళ్లకు మిగిలింది 40 శాతం, రాసినవాళ్లకు 61. ఇంకో తమాషా, వారం తర్వాత మీకు ఎంత గుర్తుంటుంది అని ముందే అడిగితే ధైర్యంగా ఎక్కువ చెప్పింది నాలుగుసార్లూ చదివిన గుంపే.

ఆ ఐదు నిమిషాల అంకె దగ్గర కాస్త ఆగండి, మన కష్టానికంతా మూలం అక్కడే ఉంది. పరీక్ష ముందు రాత్రి వీడియోలు వరసగా 2ఎక్స్ వేగంతో చూసేసి పొద్దున రాసేవాడికి ఆ పద్ధతి పనిచేస్తున్నట్టే కనబడుతుంది. కాబట్టి మీరు ఎంత చెప్పినా నమ్మడు. మొదటి రెండు వారాలు మీ క్విజ్‌లు చేసిన పిల్లలు, "మేడమ్, వీడియో చూస్తే అర్థమయినట్టే ఉంది, ఈ ప్రశ్నలు చేస్తుంటే ఏమీ రానట్టు ఉంది" అంటారు. అనాలి కూడా. లాగేటప్పుడు పడే ఆ ఇబ్బందే పని జరుగుతోందనడానికి గుర్తు. ఇది మొదటిరోజే వాళ్లకు చెప్పి పెట్టండి, లేకపోతే మీ వాట్సాప్ గ్రూపు కంప్లయింట్ల పెట్టె అవుతుంది. మాకు అయింది.

ఇక ప్రశ్నలు ఎక్కడ పెట్టాలి. నేను మొదట చేసిన తప్పు, యూనిట్ అంతా అయ్యాక చివర 30 ప్రశ్నల ఫారం ఒకటి పెట్టడం. దాన్ని పిల్లలు పక్కన పీడీఎఫ్ తెరిచి పెట్టుకుని, వెతుక్కుని, టిక్కు పెట్టి పంపేవాళ్లు. అందరికీ 28, 29 వచ్చేవి, నేను మురిసిపోయేవాడిని. అక్కడ లాగడం ఏముంది, చూసి రాయడమే. ప్రశ్న పాఠం మధ్యలో ఉండాలి, తక్కువ ఉండాలి, తరచుగా ఉండాలి. 2013లో హార్వర్డ్‌లో స్పునర్, ఖాన్, షాక్టర్ అనేవాళ్లు 21 నిమిషాల స్టాటిస్టిక్స్ వీడియోను నాలుగు ముక్కలు చేసి, ఒక గుంపుకు ముక్క ముక్కకీ చిన్న పరీక్ష పెట్టారు. ఆ గుంపులో మనసు పక్కకు పోవడం దాదాపు సగానికి తగ్గింది, నోట్సు రాసుకోవడం పెరిగింది, చివరి పరీక్షలో మార్కులు కూడా బాగా వచ్చాయి. నాకు అన్నిటికంటే నచ్చింది, ఆ పిల్లలకు చివరి పరీక్ష అంటే టెన్షన్ తక్కువగా ఉండటం. ఎక్కువ పరీక్షలు పెడితే భయం పెరుగుతుందని మనం అనుకుంటాం కదా.

మీ 38 వీడియోల్లో ఒకదాన్ని తీసుకుందాం, తరుగుదల అనుకోండి, అంటే వాడేకొద్దీ ఆస్తి విలువ తగ్గడం. ఏటా ఒకే మొత్తం తీసేసే స్థిర వాయిదాల పద్ధతి చెప్పారు, లెక్క చేశారు. అక్కడ ఆపి, "లక్ష రూపాయల యంత్రం, ఏటా 10 శాతం. రెండో సంవత్సరం తరుగుదల ఎంత? పుస్తకంలో రాసి, రాశాకే ముందుకు వెళ్లండి" అనండి. తర్వాత మిగిలిన విలువ మీదే శాతం కట్టే తగ్గుతున్న నిల్వల పద్ధతి చెప్పి మళ్లీ అదే లెక్క అడగండి. మొదటిసారి 10,000 వస్తుంది, రెండోసారి 9,000. ఎందుకు మారిందో ఒక్క వాక్యంలో రాయమనండి. ఆ ఒక్క వాక్యం రాయడానికి వాడు పడే తంటా మీ పది నిమిషాల వివరణకంటే విలువైనది. మీ కాలేజీకి మూడిల్ (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) ఉంటే అందులో హెచ్‌ఫైవ్‌పీ అనేదాంతో వీడియో తనంతట తాను ఆగి ప్రశ్న అడిగేలా పెట్టుకోవచ్చు. లేకపోయినా నష్టం లేదు, తెర మీద ప్రశ్న నిలిపి మీరు నోరు మూసుకుంటే చాలు. నేను ఇప్పటికీ అలాగే చేస్తున్నాను.

నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే ప్రశ్నలా, రాసే ప్రశ్నలా అంటే, వీలైనంతవరకు రాయించండి. జవాబు కళ్లెదుట ఉంటే గుర్తుపట్టడం సులువు, ఇందాకటి సుప్రభాతం కథే. కానీ 120 మంది రాసినవి మీరొక్కరే దిద్దలేరు, అది నాకు తెలుసు. అప్పుడు ఒక ఉపాయం: ముందు ప్రశ్న మాత్రమే చూపించి జవాబు పుస్తకంలో రాయమని, తర్వాతి పేజీలో నాలుగు జవాబులు చూపించడం. గూగుల్ ఫారంలో సెక్షన్లు వేరుచేస్తే ఇది కుదురుతుంది. అందరూ చేస్తారా అంటే చేయరు. చేసేవాళ్లు బాగుపడతారు.

ఆ నాలుగింటిలో పెట్టే తప్పుడు జవాబులు తయారుచేసేటప్పుడు కూడా బద్ధకించకండి. "ఫర్నిచరు అప్పుకు కొన్నాం, దేనికి డెబిట్?" అన్న ప్రశ్నకు కొనుగోలు ఖాతా అన్న జవాబు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే మన పిల్లల్లో చాలామంది వేసేది అదే. కొన్నాం అన్న మాట కనబడితే చాలు, చేయి కొనుగోళ్ల మీదికి పోతుంది. పెన్నులు, అద్దె అంటూ ఎవరూ పెట్టని జవాబులు ఇస్తే ప్రశ్న వృథా. అయితే ఒక జాగ్రత్త ఉంది: తప్పు జవాబు ఎంచుకున్నవాడికి అది తప్పని చెప్పకుండా వదిలేస్తే, వాడు ఆ తప్పునే నిజమని గుర్తుపెట్టుకునే ప్రమాదం ఉంది. కాబట్టి ఫారం పంపిన వెంటనే సరైన జవాబు, దానికింద రెండు ముక్కల్లో ఎందుకో కనబడాలి. అమ్మకానికి కొంటేనే కొనుగోళ్లు, వాడుకోవడానికి కొంటే ఆస్తి అని. ఫారంలో ప్రతి ప్రశ్నకూ ఈ వివరణ రాసే చోటు ఉంటుంది, చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఇంకో మాట, గట్టి నమ్మకంతో తప్పు చెప్పినవాడికి సరైనది చూపిస్తే అది బాగా నాటుకుంటుందని కూడా పరిశోధనల్లో తేలింది. నాకైతే ఆశ్చర్యం కలగలేదు. నేను నమ్మకంగా చెప్పి నలుగురిలో పరువు పోగొట్టుకున్న విషయాలు ఒక్కటీ మరచిపోలేదు.

పాత పాఠాల సంగతి మీరు అడగలేదు, కానీ అసలు విషయం అక్కడే ఉంది. చిట్టా యూనిట్ అయిపోయింది, క్విజ్ పెట్టాం, వచ్చేసింది, ఆవర్జాకు (లెడ్జర్) వెళ్లిపోయాం, ఇక చిట్టా ముఖం చూసేది సెమిస్టర్ చివర్లోనే. ఇలా చేస్తే క్విజ్ పెట్టినా సగం ఫలితమే. ప్రతి క్విజ్‌లో సగం ప్రశ్నలు పాత యూనిట్లవి కలపండి. నేను ఎనిమిది ప్రశ్నలు పెడతాను, అందులో నాలుగు ఈ వారానివి, రెండు పోయిన వారానివి, రెండు నెల కిందటివి. అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) చెబుతున్న వారంలో కూడా, "యజమాని సొంతానికి డబ్బు తీసుకున్నాడు" అన్న పద్దు ఒకటి వస్తుంది. ఎంత ఎడం ఉండాలన్న దాని మీద 2008లో ఇంటర్నెట్ ద్వారానే వెయ్యిమందికి పైగా జనంతో ఒక అధ్యయనం చేశారు. పరీక్ష వారంలో ఉంటే ఒకరోజు ఎడంతో మళ్లీ చదివినవాళ్లు, ఏడాది దాకా గుర్తుండాలంటే మూడు వారాల ఎడంతో చదివినవాళ్లు బాగా చేశారు. మీది సెమిస్టర్ కోర్సు కాబట్టి మరుసటిరోజు ఒకసారి, వారానికి ఒకసారి, మూడు నాలుగు వారాలకు ఒకసారి అనుకుంటే సరిపోతుంది, దీనికి ఎక్సెల్ షీట్ వేసుకుని కుస్తీ పట్టనక్కర్లేదు.

మార్కులు, కాపీ. ఇవి రెండూ ఒకటే ప్రశ్న. మార్కులు ఎక్కువ పెడితే కాపీ కొడతారు. వాళ్ల తప్పు కూడా కాదు, మనం పెట్టిన ఎర అలాంటిది. ఐఐటీల వాళ్లు నడిపే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులు మీ పిల్లలు కూడా చేస్తుంటారు. వాటిలో వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 శాతం, చివర హాలుకు వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం. ఆ అసైన్‌మెంట్ జవాబులు టెలిగ్రామ్‌లో తిరుగుతూనే ఉంటాయి, వాటిని దించినవాళ్లకు 25కి 24 వస్తాయి, హాల్లో మాత్రం చేతులెత్తేస్తారు. అదే అసైన్‌మెంట్ నోట్సు మూసి ఒకసారి చేసి, తర్వాత తెరిచి సరిచూసుకున్నవాడికి హాల్లో భయం ఉండదు. ప్రశ్నలు అవే, వాడకమే వేరు. అందుకే నేను క్విజ్‌కు మార్కు ఇవ్వను, చేసినందుకు హాజరు ఇస్తాను. ఎనిమిదికి రెండు వచ్చినా, ఎనిమిది వచ్చినా హాజరు ఒకటే. ఎన్నిసార్లైనా చేయొచ్చు. మా దగ్గర మొదటి సెమిస్టర్ ఇలా పెట్టినప్పుడు ఒక పెద్దాయన, "మార్కులు లేకపోతే పిల్లలు ఎందుకు చేస్తారండీ" అని మీటింగులో అడిగారు. కొందరు చేయలేదు, నిజమే. కానీ చేసినవాళ్ల తప్పులు మొదటిసారి నాకు నిజంగా కనబడ్డాయి. అంతకుముందు అందరివీ సరైన జవాబులే, ఎవరికి ఏమి రాదో తెలిసేదే కాదు.

దీనికి తోడు ఒక ప్రశ్న ఇంటర్నెట్‌లో దొరకనిది ఉండాలి. మన చుట్టుపక్కల నుంచే తయారు చేయండి. "దామలచెరువు మండీలో ఒక వ్యాపారి రైతు దగ్గర తోతాపురి కాయలు అప్పుకు కొన్నాడు. అందులో రెండు గంపలు ఇంట్లో ఊరగాయకు పంపాడు. రెండు పద్దులూ రాయండి." మొదటిది అందరూ రాస్తారు, కొనుగోలు ఖాతాకు డెబిట్, రైతు ఖాతాకు క్రెడిట్. రెండోది దగ్గర నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు, సొంతవాడకాలకు డెబిట్ వేసినవాళ్లలో కూడా సగంమంది కొనుగోళ్లకు క్రెడిట్ వేయాలని మరచిపోయి అమ్మకాలకు వేస్తారు. ఈ ఒక్క ప్రశ్న మీద మా గ్రూపులో రాత్రి పదకొండు దాకా వాదన జరిగింది, అందులో ఒక అబ్బాయి, "ఊరగాయ మా ఇంట్లో ఆడవాళ్లు పెడతారు సార్, వ్యాపారానికి సంబంధం లేదు" అన్నాడు, విషయం మొత్తం ఆ మాటలో ఉంది, వాడికి తెలియకుండానే చెప్పేశాడు.

ఇదంతా బట్టీ కాదా అని మీ ప్రిన్సిపాల్ గారు అన్నారని రాశారు. కాదు, కానీ ఆ అనుమానంలో న్యాయం ఉంది. "పుచ్చుకునేవాడికి డెబిట్, ఇచ్చేవాడికి క్రెడిట్" అని వందసార్లు వల్లించడం బట్టీ. గంపల మామిడికాయల దగ్గర ఆ సూత్రాన్ని చూడకుండా బయటికి తీసి, ఇక్కడ పనికొస్తుందా రాదా అని తేల్చుకోవడం వేరు. అవధానం చూశారు కదా, అవధాని పద్యాలన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పి, మధ్యలో అప్రస్తుతప్రసంగి గోల భరించి, చివర ధారణలో అన్నీ వరసగా ఒప్పజెబుతాడు. ఆ పద్యాలు ఆయన బట్టీ పట్టినవి కావు, అప్పటికప్పుడు కట్టినవి. ఒక్కో పాదం చెప్పి పక్కకు వెళ్లి, మళ్లీ దాని దగ్గరికి వచ్చి అందుకోవాల్సి రావడం వల్లే చివరిదాకా నిలుస్తాయని నా నమ్మకం. ఇది నా ఊహే, పరిశోధన అనుకోకండి.

ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి. అసలు అర్థమే కాని విషయం మీద క్విజ్ పెడితే లాగడానికి లోపల ఏమీ ఉండదు, పిల్లాడికి విసుగు తప్ప ఏమీ మిగలదు. మన నగదు పుస్తకాన్నీ బ్యాంకు లెక్కనూ సరిచూసే బ్యాంకు నిల్వల సమన్వయ పట్టికలో నేను ఈ తప్పు చేశాను. మొదటి వీడియోలోనే, "మనం ఇచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకు వెళ్లలేదు, నగదు పుస్తకం నిల్వతో మొదలుపెడితే కలపాలా, తీసేయాలా?" అని అడిగాను. కలపాలి, కానీ ఎందుకో తెలియనివాడికి అది బొమ్మా బొరుసే. ఇలాంటి పెద్ద లెక్కలకు ముందు రెండు మూడు పూర్తిగా చేసి చూపించండి, తర్వాత చివరి మెట్టు వాళ్లను చేయనివ్వండి, ఆ తర్వాత చివరి రెండు, అలా వెనక్కి జరుగుతూ వెళ్లి, అప్పుడు మొత్తం చూడకుండా చేయమనండి. మొదటి క్విజ్‌లో సగంకంటే ఎక్కువమంది తప్పు చేస్తే ప్రశ్నను తప్పుపట్టకండి, పాఠం ఇంకోసారి చెప్పండి.

ఫోన్లో నెట్ అందని పిల్లలు మీకూ ఉంటారు. కుప్పం వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మిద్దె ఎక్కితే తప్ప సిగ్నల్ లేదని చెప్పేది. అలాంటివాళ్లకు ఫారం వద్దు. పాఠం అయ్యాక తెల్లకాగితం మీద గుర్తున్నదంతా ఐదు నిమిషాలు రాయమనండి, నోట్సు తెరిచి, వదిలేసినవి ఎర్ర ఇంకుతో చేర్చమనండి, ఫోటో తీసి సిగ్నల్ దొరికినప్పుడు పంపమనండి. ఖర్చు లేదు, కాపీ బెడద తక్కువ, ఎర్ర ఇంకు ఎక్కడుందో చూస్తే ఆ పిల్లకు ఏమి రాదో మీకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. నిజానికి నా దగ్గర అందరిలోకీ బాగా నేర్చుకున్నది ఈ కాగితం వాళ్లే. ఇంకొందరికి వాయిస్ మెసేజ్ సౌకర్యం, రెండు నిమిషాల్లో పాఠం చెప్పి ఒకరికొకరు పంపుకోమన్నాను. ఇద్దరిద్దరుగా జోడీ కట్టండి, 120 వాయిస్‌లు మీరు వినాలని పెట్టుకోకండి, నేను పెట్టుకుని వారానికే గొంతు కూర్చున్నవాడిలా అయ్యాను, వినడానికి గొంతు ఎందుకు పోతుందని అడక్కండి.

చివరిగా, వీడియోలు 25 నిమిషాలున్నాయి, ముక్కలు చేయాలా అని అడిగారు. చిన్నవైతే మంచిదే. ఎడెక్స్ అనే వెబ్‌సైటులోని ఆన్‌లైన్ కోర్సుల మీద 2014లో వచ్చిన అధ్యయనంలో ఆరు నిమిషాలలోపు వీడియోలనే జనం మనసుపెట్టి చూస్తారని తేలింది. కానీ 38 వీడియోలు మళ్లీ తీయడానికి మీకు టైము ఎక్కడిది. ఉన్న వీడియోలోనే ఐదారు నిమిషాలకు ఒకచోట కత్తిరించి, ప్రశ్న ఉన్న స్లైడు ఒకటి చొప్పించి, దాని మీద నలభై సెకన్లు ఏ శబ్దమూ లేకుండా వదిలేయండి. సంగీతం కూడా వద్దు. ఎడిట్ చేసేటప్పుడు ఆ నలభై సెకన్లు మీకే ఎంత పొడుగ్గా అనిపిస్తాయంటే, ఇరవైకి తగ్గించేద్దామని చేయి పోతుంది, తగ్గించకండి.